సముద్రపు వాలు నేలపై లోతు ప్రవాహాల కొలత

సభకు నమస్కారం.

లోతు సముద్ర ప్రవాహాల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఒక్క సాయంత్రంలో ఒదిగే విషయం కాదు కనుక అందులో ఒక్క భాగాన్నే తీసుకుంటాను. సముద్రపు అడుగు చదునుగా ఉన్నచోట ప్రవాహాన్ని కొలవడం ఒక పని, అడుగు వాలుగా ఉన్నచోట కొలవడం వేరే పని. చదును నేల మీద పరికరం అర కిలోమీటరు అటో ఇటో పడితే పెద్దగా నష్టమేమీ లేదు. పదికి ఒకటి చొప్పున దిగే వాలు మీద అదే అర కిలోమీటరు లోతులో 50 మీటర్ల తేడా అవుతుంది. ఆ 50 మీటర్లలో వేగం మారవచ్చు, ఉష్ణోగ్రత మారవచ్చు, ఒక్కోసారి వేరే సముద్రం నుంచి వచ్చిన నీరే తగలవచ్చు. అడ్డంగా జరిగిన పొరపాటు నిలువు పొరపాటుగా మారిపోతుంది. ఈరోజు నేను చెప్పబోయే చిక్కుల్లో చాలా భాగం ఏదో ఒక రూపంలో ఇదే చిక్కు.

తీరం నుంచి బయలుదేరితే మొదట ఖండతీరపు అంచు వస్తుంది. అది దాదాపు చదును, లోతు సాధారణంగా 200 మీటర్లు దాటదు. దాని చివరి నుంచి అగాధ మైదానం వైపు దిగే భాగాన్ని ఖండతీరపు వాలు అంటాం. సగటున అది నాలుగు డిగ్రీలు, అంటే పద్నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగడం. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కినవారికి ఇది వాలుగా లెక్కకే రాదు. కానీ భూభ్రమణానికి లోబడి మెల్లగా కదిలే, కిలోమీటర్ల మందం ఉన్న నీటికి ఆ కొద్దిపాటి వాలే దాటరాని గోడ అవుతుంది.

ఎందుకంటే, తిరుగుతున్న భూమి మీద పెద్ద పరిధిలో మెల్లగా కదిలే నీరు నిలువు స్తంభాల మాదిరిగా కదలడానికి మొగ్గుతుంది. ఒక స్తంభం తక్కువ లోతు వైపు జరిగితే అది నలిగి పొట్టిదవుతుంది, వెడల్పు పెరుగుతుంది, దానితో దాని భ్రమణం మారుతుంది, ఆ మార్పే దాన్ని తిరిగి పాత లోతుకు మళ్ళిస్తుంది. అందుకే ప్రవాహం సమలోతు రేఖను పట్టుకుని సాగుతుంది తప్ప సులభంగా వాలు ఎక్కదు, దిగదు. చుట్టుపక్కల నీటికంటే చల్లగా, బరువుగా ఉన్న నీరు వాలు మీదికి వచ్చినా ఇదే నియమం. గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగుతుంది, ఉత్తరార్ధగోళంలో భూభ్రమణం వల్ల కలిగే కోరియోలిస్ బలం దాన్ని కుడికి తిప్పుతుంది; రెండూ తూగాక ఆ నీరు నిట్టనిలువునా జారిపోకుండా, తక్కువ లోతును తన కుడివైపు ఉంచుకుని, వాలు వెంబడి వందల కిలోమీటర్లు పోతుంది. అడుగున రాపిడి ఉంటుంది కాబట్టి దారిలో కొద్దికొద్దిగా దిగుతుంది.

దీనికి అన్నిటికంటే ప్రసిద్ధమైన ఉదాహరణ గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మధ్య ఉన్న డెన్మార్క్ జలసంధి. అక్కడ సముద్రం అడుగున సుమారు 630 మీటర్ల లోతులో ఒక గట్టు ఉంది. ఉత్తరాన చల్లబడి బరువెక్కిన నీరు ఆ గట్టు దాటి దక్షిణానికి పొర్లుతుంది. సెకనుకు సుమారు 30 లక్షల ఘనపు మీటర్లు. సముద్ర శాస్త్రంలో సెకనుకు పది లక్షల ఘనపు మీటర్లను ఒక స్వెర్‌డ్రప్ అంటాం, కాబట్టి ఇది మూడు స్వెర్‌డ్రప్‌లు. ఐస్‌లాండ్‌కు అవతల, ఫారో దీవుల పక్కన 840 మీటర్ల లోతున్న ఫారో బ్యాంక్ చానల్ నుంచి మరో రెండు స్వెర్‌డ్రప్‌లు వస్తాయి. ఈ నీరంతా గ్రీన్‌లాండ్ వాలును చుట్టి, లాబ్రడార్ వాలు మీదుగా, అమెరికా తూర్పు వాలు వెంట దక్షిణానికి పోతుంది. అట్లాంటిక్ మహాసముద్రం ఉత్తరానికి వేడిని మోసే యంత్రాంగంలో అడుగున తిరిగి వచ్చే సగం ఇదే. దీనిలో పెరుగుదల ఉందా, తరుగుదల ఉందా అన్న ప్రశ్నకు వాలు మీద పెట్టిన పరికరాలే జవాబు చెప్పాలి.

అటువంటి ప్రవాహం ఒకటి ఉండాలని అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ మొదట సిద్ధాంతం ద్వారా చెప్పారు. అమెరికా తూర్పు తీరం వెంట సాగే వేడి ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ ఉపరితలం మీద ఉత్తరానికి పోతుంటే, దాని అడుగున, పడమటి వాలును ఆనుకుని, దక్షిణానికి పోయే ప్రవాహం ఉండాలన్నది ఆయన వాదన. కొలిచి చూసినవారు జాన్ స్వాలో, వాలంటైన్ వర్తింగ్టన్. 1957 వసంతంలో బ్రిటిష్ నౌక డిస్కవరీ 2, అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వారి నౌక అట్లాంటిస్ కలిసి దక్షిణ కరొలైనా తీరానికి ఎదురుగా పనిచేశాయి. స్వాలో వాడిన పరికరం చాలా తెలివైనది. అల్యూమినియం గొట్టాలతో చేసిన తేలుడు బుడ్డి అది. సముద్రపు నీటికంటే తక్కువగా నలుగుతుంది. పైన నీటికంటే కాస్త బరువుగా ఉండేలా తూచి వదిలితే, దిగేకొద్దీ చుట్టూ ఉన్న నీరు నలిగి చిక్కబడుతుంది, బుడ్డి అంతగా నలగదు, ఒకచోట రెండింటి సాంద్రతా సమానమై అది అక్కడే నిలిచి నీటితో పాటు కొట్టుకుపోతుంది. అది చేసే ధ్వనిని నౌక నుంచి వింటూ దాని స్థానాన్ని గుర్తిస్తారు. అడుగుకు దగ్గరగా వదిలిన బుడ్డీలు సెకనుకు కొన్ని సెంటీమీటర్లు మొదలుకొని 20 సెంటీమీటర్లలోపు వేగంతో దక్షిణానికి పోయాయి. కాగితం మీది ప్రవాహం నీళ్ళలో దొరికింది. సముద్ర శాస్త్రంలో సిద్ధాంతం ముందు నడిచి కొలత వెనుక వచ్చిన సందర్భాలు తక్కువ, అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పాను.

అయితే బుడ్డీలను వినడానికి నౌక అక్కడే ఉండాలి, కాబట్టి కొలత కొన్ని రోజులకే పరిమితం. 1959లో అదే స్వాలో ఏరీస్ అనే చిన్న నౌకతో బెర్ముడా దగ్గర మళ్ళీ బుడ్డీలు వదిలినప్పుడు అవి ఊహించినదానికి పది రెట్ల వేగంతో, ఎటు పడితే అటు తిరిగాయి. లోతు సముద్రం నిండా సుడులున్నాయని అప్పుడు తేలింది. కొన్ని రోజుల కొలతకు సగటు తీస్తే అది సగటు కాదు, ఆ వారపు సుడి. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడి రాసుకునే పరికరాలు కావాల్సివచ్చింది.

ఆ నిలబడే పరికరమే మూరింగ్. అడుగున బరువైన లంగరు; చాలాసార్లు పాత రైలు చక్రాలే వాడతారు. లంగరు మీద ధ్వని సంకేతం పంపితే విడిపోయే కొక్కెం, దానికి తీగతాడు, తాడు పొడుగునా ప్రవాహ వేగాన్ని రాసుకునే పరికరాలు (వీటినే మీటర్లు అంటాం), పైకి లాగి ఉంచడానికి పసుపు రంగు ప్లాస్టిక్ తొడుగుల్లో గాజు గోళాలు. ఏడాది తరువాత నౌక వచ్చి సంకేతం పంపుతుంది, కొక్కెం వదులుతుంది, లంగరు తప్ప మిగిలినదంతా పైకి తేలుతుంది. చెప్పడానికి ఇంతే. వర్తింగ్టన్ 1967లో డెన్మార్క్ జలసంధిలో ఇటువంటి మీటర్లను దించినప్పుడు వాటిలో చాలా భాగం తిరిగి దక్కనే లేదు. దక్కిన వాటిలో సెకనుకు మీటరు దాటిన వేగాలు కనిపించాయి. ప్రవాహం ఎక్కడ బలంగా ఉంటుందో అక్కడే పరికరం పోతుంది. పైగా అంతటి ప్రవాహంలో పొడవైన మూరింగ్ వంగిపోతుంది, వెయ్యి మీటర్ల లోతులో ఉండాల్సిన మీటరు ఇంకా లోతుకు దిగి అక్కడి వేగాన్ని రాస్తుంది. పక్కనే పీడనం కూడా రాసుకోకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వాలు దగ్గరికి వద్దాం. మూరింగ్‌ను సాధారణంగా తాడు, గోళాలు ముందు నీటిలో పరిచి, చివరికి లంగరు వదులుతారు. మూడు కిలోమీటర్ల లోతుకు చేరడానికి లంగరుకు అరగంట అటూ ఇటూ పడుతుంది. వెనక పరచిన తాడు దాన్ని లాగుతుంది, దారిలో ప్రవాహాలు నెడతాయి. వదిలినచోటికీ పడినచోటికీ కొన్ని వందల మీటర్ల తేడా మామూలే. పడిన తరువాత నౌక మూడు దిక్కుల నుంచి కొక్కేన్ని ధ్వనితో పలకరించి దూరాలు కొలిచి, అసలు ఎక్కడ పడిందో లెక్కకడుతుంది. చదును నేల మీద ఇది కేవలం నమోదు కోసం చేసే పని. వాలు మీద ఈ సర్వే చేయకుండా వెళ్ళిపోతే ఏడాది పాటు ఏ నీటిని కొలుస్తున్నామో మనకే తెలియదు. దట్టమైన నీటి పొర వంద, రెండు వందల మీటర్ల మందమే ఉండవచ్చు. లంగరు 300 మీటర్లు పైవాలున పడితే, లోతు 30 మీటర్లు తగ్గితే, మీటరు ఆ పొర పైఅంచులో వేలాడుతూ ఉంటుంది.

అసలు నౌక కింద లోతు ఎంతో తెలుసుకోవడంలోనే వాలు మోసం చేస్తుంది. పాత ఎకో సౌండర్ ధ్వనిని వెడల్పాటి శంకువుగా కిందికి పంపి, మొట్టమొదట తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని లోతుగా చదువుతుంది. వాలు మీద మొదట తిరిగి వచ్చేది నేరుగా కిందనుంచి కాదు, వాలుకు లంబంగా ఉన్న చోటునుంచి. 3,000 మీటర్ల లోతులో, పదికి ఒకటి వాలు మీద, ఆ ప్రతిధ్వని వచ్చేది సుమారు 300 మీటర్లు పైవాలున ఉన్న నేల నుంచి, లోతు 15 మీటర్లు తక్కువగా కనిపిస్తుంది. సన్నని కిరణాలతో అడ్డంగా పట్టీలాగా కొలిచే మల్టీబీమ్ సౌండర్లు వచ్చాక ఈ బెడద చాలా వరకు పోయింది. కానీ పాత పటాలను నమ్మి మూరింగ్ స్థానం నిర్ణయించేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

తొలితరం మీటర్లలో తిరిగే రోటరు, దిక్కు చూపే రెక్క ఉండేవి. నార్వేలో ఐవార్ ఆండెరా 1960లలో రూపొందించినవి ప్రపంచమంతా వాడారు. ప్రవాహం మరీ మెల్లగా ఉంటే రోటరు తిరగదు. మూరింగ్ ఊగితే అనవసరంగా తిరుగుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఏడీసీపీ, అంటే ధ్వనితో పనిచేసే డాప్లర్ ప్రవాహ మాపకం. ఇది నాలుగు వైపులకు నాలుగు ధ్వని కిరణాలు పంపి, నీటిలో తేలే సూక్ష్మజీవుల, ధూళి కణాల నుంచి తిరిగి వచ్చిన ధ్వనిలో డాప్లర్ మార్పును, అంటే కణాల కదలిక వల్ల ధ్వని స్థాయిలో వచ్చే తేడాను బట్టి ఒకేసారి అనేక లోతులలో వేగాన్ని చెబుతుంది. పరికరం ఒకచోట ఉండి పైనో కిందో ఉన్న వందల మీటర్ల నీటిని చూడగలదు. గొప్ప సాధనమే, సందేహం లేదు. కానీ దాని లెక్క అంతా ఒక ఊహ మీద నిలబడింది: ఒకే ఎత్తులో నాలుగు కిరణాలూ ఒకే ప్రవాహాన్ని చూస్తున్నాయన్నది ఆ ఊహ. కిరణం నిలువుకు 20 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. నేలకు 400 మీటర్ల పైన వేలాడదీసి కిందికి చూపితే, నేల దగ్గరికి వచ్చేసరికి ఎదురెదురు కిరణాల మధ్య దూరం 290 మీటర్లు. పదికి ఒకటి వాలు మీద పైవాలు కిరణం కింది నేలకూ దిగువాలు కిరణం కింది నేలకూ 29 మీటర్ల ఎత్తు తేడా. అడుగు రాపిడి ప్రభావం ఉన్న పొర మందమే కొన్ని పదుల మీటర్లు. అంటే ఒక కిరణం రాపిడి పొరలో ఉంటుంది, ఎదుటి కిరణం దాని పైన ఉంటుంది, పరికరం మాత్రం రెండింటినీ కలిపి ఒకే వేగంగా చెబుతుంది.

దీనికి తోడు, నేల నుంచి వచ్చే బలమైన ప్రతిధ్వని కిరణపు అంచుల గుండా దొంగదారిన వచ్చి చివరి ఆరు శాతాన్ని పనికిరాకుండా చేస్తుంది. 400 మీటర్లలో ఆరు శాతం అంటే 24 మీటర్లు. బరువైన నీరు పారేదీ, వేగం ఎక్కువగా ఉండేదీ సరిగ్గా ఆ 24 మీటర్లలోనే అయితే? అందుకని ఫారో బ్యాంక్ చానల్‌లో చేసినట్టు పరికరాన్ని అడుగునే పెట్టి పైకి చూపించడం మేలు. వేటవలలు తగిలి పోకుండా చుట్టూ ఏటవాలు చట్రం కడతారు. లోతు నీరు మరీ స్వచ్ఛంగా ఉన్నచోట ధ్వనిని తిప్పి పంపే కణాలే తక్కువ, అప్పుడు ఏడీసీపీ చూపు సగానికి పడిపోతుంది. అన్నిచోట్లా పనికివచ్చే సాధనం ఏదీ లేదు.

మీటర్లు అసలు దించకుండా లెక్కగట్టే పాత పద్ధతి ఒకటుంది. 1903లో శాండ్‌స్ట్రోమ్, హెలాండ్-హాన్సెన్ చూపిన దారి అది. రెండు చోట్ల నౌక ఆపి, పైనుంచి కిందిదాకా ఉష్ణోగ్రత, లవణత కొలిచి, సాంద్రతల తేడా నుంచి ఆ రెండు చోట్ల మధ్య ప్రవాహం లోతుతో ఎలా మారుతుందో రాబడతారు. ఇప్పటికీ ఇది మనకు అన్నం పెట్టే పద్ధతి. అయితే ఒక స్టేషన్ 2,000 మీటర్ల లోతున, మరొకటి 3,000 మీటర్ల లోతున ఉంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది 2,000 మీటర్ల వరకే. దానికి కింద, వాలును ఆనుకుని, ఏ లెక్కకూ అందని త్రిభుజం మిగిలిపోతుంది. స్టేషన్ల మధ్య 20 కిలోమీటర్లు అనుకుంటే ఆ త్రిభుజం వైశాల్యం పది చదరపు కిలోమీటర్లు. సెకనుకు 20 సెంటీమీటర్ల ప్రవాహం అందులో ఉంటే రెండు స్వెర్‌డ్రప్‌లు, అంటే డెన్మార్క్ జలసంధి పొర్లునీటిలో మూడింట రెండు వంతులు, లెక్కలో లేకుండా పోతుంది. స్టేషన్లను దగ్గర దగ్గరగా పెడితే తప్పు తగ్గుతుంది కానీ పోదు. బహామాస్‌కు ఎదురుగా 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట 2004 నుంచి నడుస్తున్న ర్యాపిడ్ అనే మూరింగుల వరుసలో ఈ సంగతి ముందే గుర్తించారు. సముద్రం మధ్యభాగానికి సాంద్రత లెక్క వాడినా, బహామాస్‌లోని అబాకో దీవి వాలును ఆనుకున్న ముక్కలో మాత్రం మీటర్లతో నేరుగా కొలుస్తారు.

పీడనం ద్వారా కొలవడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే వాలు అనేది చిక్కు మాత్రమే కాదు, సాయం కూడా కాగలదని ఇక్కడే తెలుస్తుంది. భూభ్రమణం వల్ల ప్రవాహానికి కుడిపక్క పీడనం ఎక్కువగా, ఎడమపక్క తక్కువగా ఉంటుంది, ఉత్తరార్ధగోళంలో. పది కిలోమీటర్ల వెడల్పున సెకనుకు పది సెంటీమీటర్ల ప్రవాహం ఉంటే, మధ్య అక్షాంశాలలో, రెండు అంచుల మధ్య పీడనం తేడా ఒక సెంటీమీటరు నీటి ఎత్తుకు సమానం. నాలుగు కిలోమీటర్ల నీటి కింద ఒక సెంటీమీటరు! క్వార్ట్జ్ పీడన మాపకాలు అంతటి తేడాను పట్టగలవు, అదేమీ అసాధ్యం కాదు. కానీ ఇరవైకి ఒకటి వాలు మీద పది కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు మాపకాల మధ్య లోతు తేడా 500 మీటర్లు. ఆ 500 మీటర్లను సెంటీమీటరు ఖచ్చితత్వంతో తెలుసుకునే మార్గం లేదు. దానికితోడు మాపకం తనంతట తాను ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరుగుతుంది. కాబట్టి పీడనం నుంచి వచ్చేది ప్రవాహంలో మార్పు మాత్రమే, ప్రవాహం అసలు విలువ కాదు. మెల్లగా ఏళ్ళ మీద వచ్చే మార్పు అయితే అదీ అనుమానమే.

ఈ ముడిని విప్పిన ఉపాయం నాకు చాలా నచ్చుతుంది. క్రిస్ హ్యూస్, ఆయన సహచరులు 2013లో దీన్ని పరీక్షించి చూపారు. పీడనం తేడా నుంచి ప్రవాహం తెలుస్తుందంటే, ప్రవాహం నుంచి పీడనం తేడా కూడా తెలియాలి కదా. వాలు మీద అంచెలంచెలుగా, నేలకు కొద్ది మీటర్ల ఎత్తులో మాత్రమే ఉండే పొట్టి మూరింగులు పెట్టి, వాలు వెంబడి ప్రవాహాన్ని కొలుస్తారు. ఒక్కొక్క చోటి ప్రవాహం పక్క చోటికీ దానికీ మధ్య పీడనం ఎంత మారుతుందో చెబుతుంది. వాటిని కూడుకుంటూ దిగితే, సముద్రపు పడమటి గోడ మీద లోతుతో పాటు పీడనం ఎలా మారుతుందో వస్తుంది. సముద్రం ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డు వరకు ఉత్తర దక్షిణాలుగా ఎంత నీరు పోతుందో తేల్చే సమాచారంలో ముఖ్యమైన సగం అదే. చదును నేల మీద నాలుగు వేల మీటర్ల పొడవైన తాడు కావాల్సిన పనికి ఇక్కడ పది మీటర్ల తాళ్ళు కొన్ని సరిపోతాయి, ఎందుకంటే వాలు మీద ప్రతి లోతూ ఎక్కడో ఒకచోట నేలకు తగులుతుంది. పొట్టి మూరింగ్ వంగదు, వేటవలలకు తక్కువగా చిక్కుతుంది, ఖర్చూ తక్కువ.

ఉపగ్రహాల సంగతి అడుగుతారని తెలుసు. గురుత్వాకర్షణను కొలిచే గ్రేస్ ఉపగ్రహాలు అడుగు పీడనంలో మార్పును పట్టగలవు, కానీ వాటి చూపు వందల కిలోమీటర్ల స్థాయిది, వాలు వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లు. తీరం పక్కన నేల మీది నీటి బరువు కూడా అందులో కలిసిపోతుంది. సాయంగా పనికివస్తాయి, మూరింగ్‌కు బదులు కావు.

ఒక్కచోట నిలబడి కొలిచే మూరింగ్‌కు దాని పరిమితి దానికుంది. 2009లో శాస్త్రవేత్త ఎమీ బవర్, ఆమె సహచరులు లాబ్రడార్ సముద్రం నుంచి వచ్చే లోతు ప్రవాహంలో వదిలిన ధ్వని బుడ్డీల దారులను ప్రచురించారు. వాలును పట్టుకుని అవన్నీ దక్షిణానికి పోతాయని పాఠ్యపుస్తకాలు నేర్పాయి. అలా చివరిదాకా పోయినవి ఎనిమిది శాతమే. న్యూఫౌండ్‌లాండ్‌కు ఆగ్నేయాన గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర వాలు మలుపు తిరిగే చోట మిగిలినవి వాలును వదిలి సముద్రం మధ్యలోకి తప్పుకున్నాయి. నీరు సమలోతు రేఖను పట్టుకుని పోతుందని ఇంతకుముందు చెప్పాను. ఆ నియమం మెల్లని ప్రవాహానికి, సున్నితంగా వంగే వాలుకు వర్తిస్తుంది; వేగమైన ప్రవాహానికి పదునైన మలుపు ఎదురైతే అది మలుపు తీసుకోలేదు. మూరింగుల వరుస ఎంత చక్కగా ఉన్నా ఈ సంగతి చెప్పలేదు.

వాలు మీద ఊగే తరంగాలు కూడా ఉన్నాయి. ఇందాక చెప్పిన నీటి స్తంభం పాత లోతుకు తిరిగి రావడంలో అవతలికి దాటుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ ఊగిసలాట వాలు వెంబడి తరంగమై పోతుంది. గల్ఫ్ స్ట్రీమ్‌కు ఉత్తరాన వుడ్స్ హోల్ వారు సైట్ డి పేరుతో ఏళ్ళ తరబడి నడిపిన మూరింగుల్లో ఎనిమిది నుంచి పదహారు రోజుల ఆవృత్తితో, పైకంటే అడుగున బలంగా, ఇవి కనిపించాయి. అదీగాక రోజుకు రెండుసార్లు వచ్చే పోటుపాట్లు, వాలుకు తగిలి లోపల పుట్టే అంతర్గత తరంగాలు. ఇవన్నీ వడకట్టాకే సగటు ప్రవాహం. నెల రోజుల రికార్డుతో సగటు చెప్పేవారిని నేను నమ్మను.

ఇక మిగిలింది అన్నిటికంటే కష్టమైన కొలత. ఇంతసేపూ వాలు వెంబడి పోయే ప్రవాహం గురించే మాట్లాడాను. వాలును ఎక్కే, దిగే ప్రవాహం చాలా చిన్నది, కానీ దాని విలువ పెద్దది: ధ్రువాల దగ్గర మునిగిన నీరు తిరిగి పైకి ఎక్కడ లేస్తుందో చెప్పేది అదే. సముద్రమంతటికీ సగటు తీస్తే ఆ లేవడం రోజుకు ఒక సెంటీమీటరు స్థాయిలో ఉండాలని అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ 1966లో లెక్కగట్టారు. అది సముద్రమంతటా సమానంగా జరగదని, వాలు నేలలను ఆనుకున్న పలుచని పొరలోనే ఎక్కువగా జరుగుతుందని ఇప్పటి అవగాహన. దాన్ని మీటరుతో కొలవబోతే ఏమవుతుందో చూడండి. వాలు వెంబడి ప్రవాహం సెకనుకు 20 సెంటీమీటర్లు. దిక్సూచిలో ఐదు డిగ్రీల తప్పు ఉంది. అప్పుడు అసలు లేని, వాలు ఎక్కే ప్రవాహం సెకనుకు 1.7 సెంటీమీటర్లు కనిపిస్తుంది. ఇరవైకి ఒకటి వాలు మీద అది నిలువుగా రోజుకు 75 మీటర్లు! బ్యాటరీ పెట్టెలో ఇనుము ఉన్నా, గ్రీన్‌లాండ్ వంటి చోట భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు నిలువుగా ఉండి సూది బలహీనపడినా ఐదు డిగ్రీల తప్పు రావడానికి ఆశ్చర్యం లేదు. దిక్సూచి సరిగ్గా ఉన్నా, అడుగు పొరలో రాపిడి ప్రవాహాన్ని ఎడమకు తిప్పుతుంది. అదీ సరిచేసినా, వాలు వెంబడి దిక్కు ఏది? ఒక కిలోమీటరు స్థాయిలో గీసిన సమలోతు రేఖ ఒక దిక్కు చూపుతుంది, ఇరవై కిలోమీటర్ల స్థాయిలో గీసినది మరో దిక్కు చూపుతుంది. రెండింటి మధ్య ఐదు డిగ్రీలు ఏ మాత్రం లెక్కకాదు. నీటిని కొలిచే పరికరానికి నేలను ఏ స్థాయిలో చూడాలో చెప్పేవారెవరు?

ఆ ప్రశ్నను పక్కన పెట్టి, నీటికే రంగు వేసి చూశారు. 2021 వేసవిలో ఐర్లాండ్‌కు పడమరన ఉన్న రాకాల్ ట్రఫ్‌లో, వాలును చీల్చుకుంటూ పోయే ఒక లోతైన సముద్రగర్భ లోయ, అంటే కాన్యన్‌లో, అడుగుకు దగ్గరగా ఫ్లోరెసీన్ రంగును వదిలి, డిస్కవరీ నౌక నుంచి దాన్ని వెంబడించారు. రంగు కలిసిన నీరు వాలు వెంట రోజుకు సుమారు వంద మీటర్లు పైకి లేచింది. ఇది ఒక్క కాన్యన్, కొద్ది రోజులు; సముద్రమంతటికీ దీన్ని గుణించడం తొందరపాటు. అయినా మంక్ లెక్కగట్టిన సగటుకు ఇది పదివేల రెట్ల స్థాయి, కాబట్టి నీరు లేచే చోట్లు ఎక్కడ వెతకాలో దీనితో స్పష్టమైంది.

మన తీరం గురించి చెప్పి ముగిస్తాను. విశాఖపట్నానికి ఎదురుగా ఖండతీరపు అంచు ఇరుకు, వాలు దగ్గరలోనే మొదలవుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఈ వాలులోని కాన్యన్‌లను గుర్తించి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. 2009 నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కడలూరు, కాకినాడ, విశాఖపట్నం, గోపాల్‌పూర్‌లకు ఎదురుగా ఇదే వాలు మీద ఏడీసీపీ మూరింగులు నడిపింది. తూర్పు తీర ప్రవాహం వసంతంలో ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవనాల ముందు దక్షిణానికి తిరగడం, దాని కింద ఎదురు ప్రవాహాలు ఉండడం వాటి రికార్డులలో కనిపిస్తుంది. అయితే ఆ ఏడీసీపీలు ప్రధానంగా చూసేది పైనున్న కొన్ని వందల మీటర్లను. వాటికి కింద, వెయ్యి నుంచి రెండువేల ఐదు వందల మీటర్ల వరకు ఉన్న వాలుకు, నా అభిప్రాయంలో పొట్టి మూరింగుల పద్ధతి బాగా నప్పుతుంది. పీడన మాపకాలతో మొదలుపెట్టమని నేను చెప్పను: కోరియోలిస్ ప్రభావం మన అక్షాంశంలో డెన్మార్క్ జలసంధిలో ఉన్నదానిలో మూడో వంతే కాబట్టి అదే ప్రవాహానికి ఇక్కడ పీడనం తేడా అర సెంటీమీటరు కూడా రాదు. కాన్యన్‌లకు దూరంగా, మల్టీబీమ్‌తో నేలను ముందే పటం గీసి, సముద్రం నెమ్మదిగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో దించి, లంగరు పడినచోటును మూడు దిక్కుల నుంచి సర్వే చేసి, కనీసం రెండు పూర్తి ఋతుపవన చక్రాల పాటు వదిలేయాలి.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.